ఎండకు జడిసి వానలోకి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. నెలకో గడి చొప్పున ఏదో పట్టిక, కొన్ని గళ్లకు పచ్చ రంగు, కొన్నిటికి పసుపు, మార్చి చివరి నుంచి మే దాకా ఎరుపు. టాంజానియా చూడటానికి ఏ నెలలో వెళితే బాగుంటుందో చెప్పే పట్టిక అట. అల్లుడూ తనూ వెళ్లొద్దామనుకుంటున్నారట, నువ్వు అక్కడ ఉండొచ్చినదానివి గదమ్మా, ఏ నెలైతే మంచిది అని అడిగింది. మామూలుగా అడిగిన మాటే. నేను మాత్రం ఆ ఎర్ర గళ్ల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. వాలుకుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన కళ్లు తెరిచి నా వంక ఒకసారి చూసి, మళ్లీ మూసుకున్నాడు.

నేను పుట్టు పిరికిదాన్ని. నర్సరావుపేటలో రోడ్డు దాటాలన్నా ఇప్పటికీ ఎవరి చెయ్యో పట్టుకుంటాను. అలాంటిదాన్ని నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని సముద్రం దాటి వెళ్లానంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఫోనంటే ఎస్టీడీ బూత్ అయిన రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. మేమప్పుడు దాచేపల్లిలో ఉండేవాళ్లం. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పని చేతికి బాగా వచ్చినవాళ్లను ఎక్కడెక్కడి దేశాలవాళ్లో పిలుస్తున్న కాలమది. ఆయనకు టాంజానియాలో, సున్నపురాయి కొండల మధ్య కొత్తగా కట్టిన ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. జూలైలో వెళ్లాడు. అక్కడ అది చల్లటి నెల. ఆదివారం ఆదివారం బూత్‌కు ఫోను చేసి, ఇక్కడ ఎండే లేదు, సాయంత్రమైతే దుప్పటి కావాలి అని మురిసిపోతూ చెప్పేవాడు. ఆ మాటలు నేను చెవితో వినేదాన్ని, బెంచీ మీద కూర్చున్న మా అత్త నా మొహం చూసి వినేది.

పల్నాడు ఎండ సంగతి అందులో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మాది రేకుల ఇల్లు, కింద నాపరాళ్లు, వాకిట్లో ఫ్యాక్టరీ దుమ్ము పట్టి ఆకు బూడిద రంగుకు తిరిగిన ఒక వేపచెట్టు. అంతకు ముందు వేసవిలో మా అమ్మాయికి వడదెబ్బ తగిలి కళ్లు తేలేసింది. తడిగుడ్డ చుట్టి ఒళ్లో వేసుకుని, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. ఆ వారమే మా వీధిలో క్వారీ పనికి వెళ్లే ఒకాయన వడదెబ్బకు పోయాడు. అందుకని మరుసటి ఏడు కోటప్పకొండ తిరునాళ్ల నుంచి వస్తూ బస్సులోనే మా అత్త అందుకుంది.

“ఏమే, రోహిణి కార్తెలో బిడ్డను మళ్లా ఈడ మాడబెడతావా? నీ మొగుడి కాడికి పో. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడినాక రా.”

రాజుపాలెం వైపు వ్యవసాయపు ఇంట్లో పుట్టిన మనిషి, కార్తెలన్నీ వేళ్ల మీద ఉండేవి ఆమెకు. ఆమె మాటే ఆయనకు ఫోనులో చెప్పాను. ఏప్రిల్‌లో ఇక్కడ పెద్ద వానలంట, జూన్ దాకా ఆగమని ఇక్కడివాళ్లు చెబుతున్నారు అని ఆయన నవ్వాడు. ఆ సంగతి చెప్పగానే మా అత్త బూత్‌లోనే చేతులు జోడించి దణ్ణం పెట్టింది.

“ఆడ వానలంటనా? ఇంకేందే! వానకి ఎవరన్నా జడుస్తారా?”

నిజంగానే మా వైపు వానకు జడవడం ఎవరికి తెలుసు? రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిరిగి, మొక్కుకుని, బతిమాలి రప్పించుకునేది వాన. ఆయనదీ ఇదే మట్టి గదా, అక్కడివాళ్లు చెప్పింది ఆయనకూ చెవికెక్కలేదు. ఏప్రిల్‌కే ప్రయాణం కట్టాం.

మేము దిగిన మర్నాడే వాన మొదలైంది. ఫ్యాక్టరీ క్వార్టర్ల ముందు ఎర్రమట్టి, చుట్టూ అరటి చెట్లు, ఆ పచ్చదనం చూసి నా కడుపు నిండిపోయింది. మా అమ్మాయి గౌను తడుపుకుంటూ గెంతులేస్తుంటే నేను వసారాలో నిలబడి నవ్వాను. పక్కింటావిడ, ఆ దేశపు మనిషే, పెద్ద భారీ విగ్రహం, తన పిల్లలతో పాటు దాన్నీ ఆడించింది. మూడో నాడు కూడా వాన పడుతూనే ఉంది. వారం గడిచినా ఆగలేదు. బట్టలు ఆరవు, బియ్యం ముక్కిపోయాయి, గోడలకు నాచు పట్టింది. రేకుల మీద ఆ మోతకు మా మాటలు మాకే వినపడేవి కావు. మా ఇంటికీ ఆసుపత్రికీ నడుమ ఒక వాగు, దాని మీద చిన్న చప్టా. రోజూ కిటికీలోంచి ఆ చప్టా ఉందా అని చూసుకోవడమే నా పని. ఎందుకు చూస్తున్నానో నాకే తెలియదు, భయం ముందే వచ్చి కూర్చుంది.

ఒకనాడు పొద్దున్నే పిల్ల ఒళ్లు కాలిపోతోంది. మలేరియా అని పక్కింటావిడ చెయ్యి వేసి చూడగానే అంది, ఆ ఒక్క మాట నాకు అర్థమైంది. ఆయన డాక్టరును తీసుకొస్తానని చప్టా దాటి వెళ్లాడు. ఆయన వెళ్లిన కాసేపటికే పైనెక్కడో పడ్డ వాన అంతా ఒక్కసారి వాగులోకి దిగింది. నేను చూస్తుండగానే చప్టా కనపడకుండా పోయింది. మనిషి దాటాడో, మధ్యలో ఉండగా నీళ్లు వచ్చాయో చెప్పేవాళ్లు లేరు. ఒళ్లో పిల్ల పళ్లు కొరుకుతూ వణుకుతోంది. దాన్ని చూడనా, వాగును చూడనా? గట్టిగా ఏడిస్తే నిజమైపోతుందేమోనని నోట్లో కొంగు కుక్కుకున్నాను. పక్కింటావిడ నా ఒళ్లోంచి పిల్లను తీసుకుని తన గుండెలకు చుట్టుకుని, “పోలే, పోలే” అంటూ నా వీపు నిమిరింది. అయ్యో తల్లీ అనడానికి వాళ్లు అనే మాట అది. ఆ నాడు అర్థం కాకపోయినా వినడానికి ఆసరాగా ఉంది.

మధ్యాహ్నం దాటాక అవతలి గట్టు మీద క్వారీలో రాళ్లు మోసే డంపరు కనపడింది. మనిషెత్తు చక్రాలు దానికి. డ్రైవరు పక్కన మా ఆయన. నీళ్లలోకి దింపి, ఆగుతూ ఆగుతూ ఇవతలికి తెచ్చారు. మమ్మల్ని ఎక్కించుకుని ఆసుపత్రికని మళ్లీ అదే నీళ్లలోకి దిగింది. పిల్లను నాకివ్వకుండా పక్కింటావిడే ఎత్తుకుని వచ్చింది. నడుమ ఒకచోట బండి పక్కకు జరిగింది. చక్రాల కింద నీళ్లు రాళ్లను దొర్లిస్తున్న ఆ చప్పుడు... మా ఆయన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజులు చిట్లి గుచ్చుకున్నాయి. ఆ మనిషి కూడా భయపడతాడని నాకు తెలిసింది ఆ రోజే.

పిల్ల బతికింది. జూన్‌లో దాచేపల్లి చేరాం. మృగశిర ప్రవేశించి తొలి వాన పడ్డ రోజున వీధి వీధంతా బయటికొచ్చింది, మా అత్త ఆకాశానికి మొహం పెట్టి తడుస్తూ నిలబడింది. నేను పరుగున వెళ్లి మా అమ్మాయిని లోపలికి లాక్కొచ్చి గడియ పెట్టాను. “ఏందే నీకు, పిచ్చా?” అని మా అత్త తలుపు బాదింది. జరిగిందంతా గడియ తియ్యకుండానే చెప్పాను. ఇంకెప్పుడూ నన్ను తలుపు తియ్యమనలేదు.

ఇదంతా మనసులో తిరుగుతుంటే, ఆ ఎర్ర గళ్లలో మాత్రం వెళ్లొద్దు, జూలై మంచిది అని చెప్పాను మా అమ్మాయికి. అది నవ్వింది.

“లేదమ్మా, ఏప్రిల్‌లోనే పోదామనుకుంటన్నాం. ఆ జ్వరం నాకేం గుర్తులేదు. ఎర్రమట్టిలో తడవటం గుర్తుంది. మళ్లా అట్టా ఎప్పుడు తడిసినానో చెప్పు?”

మా ఆయన కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు కార్తెలు లెక్కపెట్టే మా అత్త లేదు. ఏ దేశంలో ఏ నెలలో వాన పడుతుందో ఫోను రంగులేసి మరీ చెబుతోంది. ఇక్కడ తొలి వాన పడితే బయటికొచ్చి మొహం ఎత్తేవాళ్లు కనపడరు, కిటికీలు మూసే చప్పుళ్లే వినపడతాయి. ఊళ్లో అందరికంటే ముందు మూసింది నేనే. మా అమ్మాయి బడి నుంచి వస్తూ తడుస్తుందని గొడుగేసుకుని ఎదురెళ్లేదాన్ని, కాలేజీ రోజుల్లో మబ్బు పడితే బయటికి కదలనిచ్చేదాన్ని కాదు. అది తడిసిన వాన, నన్ను చంపినంత పని చేసిన ఆ వాన ఒక్కటే.

ఏప్రిల్‌లోనే వెళ్లమన్నాను. మందులు మర్చిపోవద్దన్నాను, వాగుల దగ్గరికి పోవద్దన్నాను, ఆ పక్కింటావిడ ఎక్కడుందో కనుక్కోమన్నాను. అన్నిటికీ సరేనంది. నాకు మాత్రం అప్పటి నుంచీ చక్రాల కింద రాళ్లు దొర్లుతున్న చప్పుడే వినపడుతోంది.