తలుపు నుంచి బల్లకి పదకొండు అడుగులు

ఇంటి నుంచి కూరగాయల బజారుకి రెండు దార్లున్నాయి. బైండింగ్ షాపు సందులోంచి వెళితే ఆరు నిమిషాలు. నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి వెళితే పద్నాలుగు. పెళ్ళైన రెండో ఏడు నుంచి ఆమె ట్యాంకు చుట్టే తిరిగింది. ఎండైనా అంతే, వానైనా అంతే, సంచి బరువుకి భుజం పడిపోతున్నా అంతే. ఆమె భర్త కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. ఆదివారాలు సంచి మోయడానికి వెంట వచ్చి నవ్వేవాడు.

"ఏమోయ్, ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే రకం నువ్వు."

"నడిస్తే కాళ్ళకి మంచిది."

"నీ కాళ్ళు నీ ఇష్టం. మధ్యలో నా కాళ్ళేం పాపం చేశాయి?"

ఆ సందులో ఏముందో అతనికి తెలియదు. ఆ రెండో ఏడు నుంచీ బైండింగ్ షాపులో, గుమ్మానికి ఎదురుగా, ఆమెకి హైస్కూల్లో సాహిత్యం చెప్పిన టీచర్ కూర్చుని కాగితాలు మడత పెడుతుంటారు. చూడలేని మనిషి ముందు నుంచి నడిచి వెళ్ళడానికి ఆమెకి కాళ్ళు రాలేదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు రాలేదు.

బళ్ళో ఆమెని అందరూ గుండీ అని పిలిచేవారు. వాళ్ళమ్మ ఇస్త్రీ చేసేది. వీధి చివర రేకుల షెడ్డు, అందులో దుప్పటి పరిచిన పొడవాటి బల్ల, బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఎవరి బట్టలొచ్చినా ముందు పిల్ల చేతికే వెళ్ళేవి. చొక్కాకి గుండీలెన్ని, ఏది వేలాడుతోంది, ఏది వేరే రంగు దారంతో కుట్టి ఉంది, కాలరు మీద మరక ముందు నుంచీ ఉన్నదేనా, అన్నీ చూసి చెప్పాలి. లేకపోతే సాయంత్రానికల్లా "గుండీ నువ్వే ఊడగొట్టావు" అని మీదకొచ్చేవాళ్ళు.

"కళ్ళు పెట్టి చూడవే. నోరు తర్వాత" అనేది అమ్మ.

అలా ఆ పిల్లకి కళ్ళు పెరిగాయి, నోరు పెరగలేదు. బళ్ళో ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. చూసినదంతా లోపల పేరుకుపోయేది. దాన్నేం చేయాలో తెలిసింది సాహిత్యం క్లాసులోనే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి క్లాసు అది. మామూలుగా ఆ వేళకి అందరి కళ్ళూ మూతలు పడాలి. టీచర్ పాఠం చదవడం మొదలుపెడితే ఆఖరి బెంచీలో కునికేవాడు కూడా లేచి కూర్చునేవాడు. గొంతు పెంచేవారు కాదు, చేతులు తిప్పేవారు కాదు. పక్కింటావిడ గోడ మీద నుంచి కబురు చెబుతున్నట్టు చెప్పేవారు. మంచి వాక్యం వస్తే కాస్త ఆగి "ఇందులో ఒక్క మాట తీసెయ్యండి చూద్దాం" అనేవారు. ఎవరికీ ఒక్క మాటా తీయడానికి దొరికేది కాదు. "అదీ వాక్యమంటే" అనేవారు.

ఆవిడ హాజరు పట్టీ తెరిచేవారు కాదు. "ఎవరి నంబరు వాళ్ళు చెప్పండి. ఇవాళ మీ గొంతులెలా ఉన్నాయో వినాలి" అనేవారు. పిల్లలు రాసినవి తను దిద్దేవారు కాదు, వాళ్ళ చేతే పైకి చదివించేవారు. "రాసింది చెవికి తగిలితేగాని తప్పు తెలీదర్రా." అది పాఠం చెప్పే పద్ధతని అందరూ అనుకున్నారు. మంచి పద్ధతే అది. రాసింది చదువుతుంటే ఎక్కడ కుంటుతోందో చదివేవాళ్ళకే తెలిసిపోయేది.

గుండీ మాత్రం లెక్కపెట్టింది. తలుపు నుంచి బల్లకి పదకొండు అడుగులు. బల్ల నుంచి కిటికీకి ఏడు. పన్నెండోది ఏనాడూ లేదు. బోర్డు మీద రాసేటప్పుడు ఎడమ చెయ్యి వేలు సుద్దముక్కకి తోడుగా వరస పట్టుకుని నడిచేది. ఒకరోజు గాలికి పుస్తకంలో పేజీలు ఫరఫరా తిరిగిపోయాయి. టీచర్ చూపు కూడా తిప్పకుండా కథ చెప్పుకుంటూ పోయారు. ఇంకోరోజు ఎవరో కుర్చీ జరిపి వదిలేశారు. టీచర్ మోకాలికి ఠంగున తగిలింది. ఆవిడ మోకాలు రుద్దుకుంటూ "కుర్చీకి కూడా కథ వినాలని ఉందర్రా, దగ్గరికొచ్చేసింది" అన్నారు. పిల్లలు పగలబడి నవ్వారు.

మర్నాటి నుంచి గుండీ భోజనం గబగబా ముగించి, అందరికంటే ముందు క్లాసులోకి వెళ్ళి కుర్చీని దాని చోట పెట్టేది. ఎవరికీ చెప్పలేదు. చొక్కాకి ఊడిపోబోతున్న గుండీని చూసి, అడగకుండానే రెండు కుట్లు వేసినట్టు చేసేది, అంతే.

ఆ ఏడు బడికి ఏభై ఏళ్ళు నిండాయని, పెద్ద తరగతి పిల్లలు తమకిష్టమైన క్లాసు గురించి తలా ఒక పేజీ రాయాలని హెడ్మాస్టరు చెప్పారు. బాగున్నది అద్దాల పలకలో పెట్టి నడవలో తగిలిస్తారట. గుండీ ఇస్త్రీ బల్ల ఒక మూల దుప్పటి మడిచి, అక్కడ కాగితం పెట్టుకుని రాసింది.

'మా టీచర్ తలుపు నుంచి బల్లకి పదకొండు అడుగులు వేస్తారు. పుస్తకం చేతిలో ఉంటుంది, కథ కళ్ళ వెనక ఉంటుంది. గాలికి పేజీలు తిరిగిపోయినా మా టీచర్ దారి తప్పరు. కుర్చీ కాస్త తప్పుకుంటే తప్పుతారు. అందుకని రోజూ నేను ముందుగా వెళ్ళి కుర్చీని దాని చోట పెడతాను.'

కుర్చీ మాట దగ్గర ఆ పిల్ల చెయ్యి ఆగింది. ఇది రాయకూడదని తెలుసు. ఎందుకు రాయకూడదో కూడా తెలుసు. కొట్టేసి చదివి చూసింది. పేజీ బోసిగా ఉంది, నడిమి గుండీ లేని చొక్కాలా. మళ్ళీ పెట్టి చదివింది. అంత మంచి వాక్యం తన చేతి నుంచి అంతకు ముందు రాలేదు. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఉంచేసింది.

నాలుగు రోజులకి హెడ్మాస్టరు పిలిపించారు. కాగితం ఆయన బల్ల మీదుంది.

"నువ్వు రాసిందేనా? ఎక్కడా చూసి రాయలేదు కదా?"

"లేదండి."

"పదకొండేనా? సరిగ్గా లెక్కపెట్టావా?"

"రోజూ పదకొండేనండి." మెచ్చుకుంటున్నారనుకుని ఆ నోరులేని పిల్ల ఆ రోజు నోరు విప్పింది. వేలు వరస పట్టడం చెప్పింది. గాలికి పేజీలు తిరగడం చెప్పింది.

"కుర్చీ ఎన్నాళ్ళ నుంచి సర్దుతున్నావు?"

"వానలు మొదలైనప్పటి నుంచండి."

"బాగా రాశావమ్మా. ఇది చాలా పనికొస్తుంది" అన్నారాయన.

అద్దాల పలకలో డ్రిల్లు క్లాసు గురించి ఎవరో రాసింది పెట్టారు. మరుసటి సోమవారం సాహిత్యం క్లాసుకి కొత్తాయన వచ్చి, కుర్చీ కిటికీ దగ్గరకి లాక్కుని, హాజరు పట్టీ తెరిచారు. పాత టీచర్‌కి కళ్ళు కనబడవట, ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చిందట, డాక్టరు పరీక్షకి పంపి ఇంట్లో కూర్చోమన్నారట అని బెంచీ బెంచీకీ పాకింది. గుండీ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

సాయంత్రం అమ్మ ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుతూ "మీ టీచరమ్మని తీసేశారటగా? పాపం. ఏ పాపిష్ఠి నోరు చెప్పిందో, దాని నాలుక పడిపోను!" అంది.

పిల్ల చేతిలో ఉన్న చొక్కా గుండీలు మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ మూడు లెక్కలొచ్చాయి.

పరీక్షలో మీకు గౌరవమున్న మనిషి గురించి రాయమని అడిగారు. ఆ జవాబు చోటు ఖాళీగా వదిలేసి లేచి వచ్చింది. సాహిత్యంలోనే తప్పింది. "దానికి చదువబ్బలేదండీ" అని అమ్మ అందరికీ చెప్పుకుంది. ఆ తర్వాత ఇస్త్రీ బల్ల, పెళ్ళి, వంటిల్లు. క్యాలెండరు వెనక సరుకుల చీటీ తప్ప ఆమె మరేదీ రాయలేదు.

పోయిన ఏడు భర్తకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రి మంచం మీద, ముక్కుకి గొట్టం పెట్టుకుని, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగాడు.

"ఇప్పటికైనా చెప్పవోయ్. ఆ సందులో నీకు ఎవరి భయం?"

ఆమె మొత్తం చెప్పింది. రాసిన సంగతి చెప్పింది, చిన్నపిల్లనని చెప్పింది, ఇలా అవుతుందని ఊహించలేదని చెప్పింది. అతను ముక్కుకున్న గొట్టం సర్దుకున్నాడు.

"నేను స్తంభం ఎక్కితే కింద స్విచ్ దగ్గర ఒకడు నిలబడతాడు. తెలియని వాడొచ్చి స్విచ్ వేస్తే అది పొరపాటు. పైన నేనున్నానని తెలిసినవాడే వేస్తే?" అని ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "నీకు తెలుసా, తెలీదా?"

తెలుసన్నట్టు ఆమె తల ఊపింది.

"అయితే అదే చెప్పు. నాక్కాదు, ఆవిడకి."

తొమ్మిది రోజులకి అతను పోయాడు. ఆ తర్వాత పదకొండు నెలలు కూడా ఆమె ట్యాంకు చుట్టే తిరిగింది. ఒక మనిషికి కూరలు ఎన్ని కావాలి? సంచి అడుగున నాలుగు వంకాయలు దొర్లుతుంటాయి. ఒక ఉదయం దార్లు చీలే చోట నిలబడింది. ఎటు వెళ్ళినా, చుట్టు దారి మీద విసుక్కునే మనిషి పక్కన లేడు. ఆమె సందులోకి తిరిగింది.

షాపంతా జిగురు వాసన. దిమ్మ కింద బిగించిన రిజిస్టర్లు, గోడకి వేలాడే దారాలు. షాపు నడిపే టీచర్ చెల్లెలు కత్తెరతో అట్టలు కోస్తోంది.

"ఏం కావాలమ్మా? ఫైళ్ళా, రిజిస్టర్లా?"

"టీచర్ గారి కోసం వచ్చాను. ఆవిడ దగ్గర చదువుకున్నాను."

"అక్కయ్యా, నీ కోసమే! ఎవరో స్టూడెంటు." ఆమె వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పాఠం ఒప్పజెప్పమంటుంది, చదువుకునొచ్చారా?"

టీచర్ జుట్టంతా నెరిసిపోయింది. వేళ్ళు మాత్రం చకచకా కాగితాన్ని మడిచి చెక్క బద్దతో అంచు రుద్దుతున్నాయి.

"నంబరు చెప్పు" అన్నారు.

"ఇరవై మూడు, టీచర్."

చెక్క బద్ద ఆగింది. "గుండీ" అన్నారు. "కుర్చీ లాక్కుని కూర్చో."

ఆమె గోడ పక్కనున్న కుర్చీ లాక్కుంది. ఇంటి దగ్గర ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "అది రాసింది నేనే, టీచర్" అనగలిగింది.

"తెలుసమ్మా. హెడ్మాస్టరు నా ఎదురుగానే చదివారు. పాడుగా చదివారు, ఆగకూడని చోటల్లా ఆగుతూ. అయినా తెలిసిపోయింది. అడుగులు లెక్కపెట్టే పిల్ల నా క్లాసులో ఇంకెవరు?" టీచర్ చిన్నగా నవ్వారు. "నీ మీద కోపం లేదు. నీకేం తెలుసు? ప్రేమ కొద్దీ రాశావు. పసిదానివి."

అక్కడితో ఆగిపోవచ్చు. ఆ మాట పుచ్చుకుని, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. ఆమె ఒళ్ళో సంచి తీసి కింద పెట్టింది.

"నాకు తెలుసు, టీచర్. మీకు కనబడదని అప్పటికే తెలుసు. రాయకూడదనీ తెలుసు. కుర్చీ మాట కొట్టేశాను కూడా. వాక్యం బాగుందని మళ్ళీ పెట్టాను."

చెల్లెలి చేతిలో కత్తెర కూడా ఆగిపోయింది. టీచర్ మడిచిన కాగితాన్నే మళ్ళీ మడిచారు, మళ్ళీ విప్పారు.

"ఇది నాకు తెలీదు" అన్నారు చివరికి. "రాయకూడదని నీకు తెలీదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ ఒక్కటీ నాకు నిబ్బరంగా ఉండేది."

"క్షమించమని అడగడానికి..."

"ఇప్పుడు అడక్కు. ఇప్పుడు అడిగితే నోటి మాటగా ఏదో అనేస్తాను." టీచర్ వేళ్ళు కాగితం అంచు వెతుక్కున్నాయి. "ఆ వాక్యం ఎన్నిసార్లు మనసులో చదువుకున్నానో. ఒక్క మాట తీసెయ్యడానికి దొరకలేదు. నిన్ను మెచ్చుకుందామని ఎదురు చూశాను కూడా. ఎవరైనా వస్తే చదివించుకుందామని పుస్తకాలు కూడా అట్టే పెట్టుకున్నాను. నాలుగు వీధుల అవతల ఉండి నువ్వు రాలేదు."

ఇన్నాళ్ళూ ఆమె ఒక్క తప్పే మోస్తున్నాననుకుంది. ట్యాంకు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ ఇంకొకటి చేస్తూ వచ్చిందన్నమాట.

లేచింది. "మళ్ళీ రావచ్చా, టీచర్?"

"రమ్మని చెప్పను. వద్దనీ చెప్పను. అది నువ్వే తేల్చుకో." టీచర్ మరో కాగితం అందుకున్నారు. "వెళ్ళేటప్పుడు ఆ కుర్చీ తీసిన చోటే పెట్టి వెళ్ళు."

ఆమె కుర్చీని గోడ దగ్గరికి జరిపింది. నాలుగు కోళ్ళ కింద నేల మీద అరిగిన గుర్తులున్నాయి. వంగి చూస్తూ వాటి మీదకి చేర్చింది. టీచర్ తల పక్కకి వంచి ఆ చప్పుడు వింటున్నారు.

"ఇంకాస్త ఎడమకి" అన్నారు.

ఆమె జరిపింది.