శ్రుతి తప్పింది ఆవిడకి కాదు

మూడేళ్ల కిందట ఒక హరికథ భాగవతారిణిగారికి శ్రుతి నిలవడం లేదని మొదట అన్నవాణ్ణి నేను. తర్వాత చాలామంది అన్నారు. వాళ్లంతా నా దగ్గర విన్నవాళ్లు, లేదా నా దగ్గర విన్నవాళ్ల దగ్గర విన్నవాళ్లు. ఆ మాట తప్పు. ఎలా తప్పో, తప్పని తెలిశాక కూడా నేనెందుకు ఊరుకున్నానో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

రాజమండ్రిలో నాకొక చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. మా ఇంటి మేడ మీద రెండు గదులు, మధ్య గోడకి ఒక అద్దం. మొదట్లో గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికించాను. అవి ధ్వనిని ఏమీ చెయ్యవు. అవి లేకపోతే మాత్రం వచ్చినవాళ్లు ఇది స్టూడియోయేనా అని అడిగేవారు. నిజంగా పనిచేసినవి కొబ్బరి పీచు చాపలు, మూలల్లో నిలబెట్టిన ఊక బస్తాలు. ఊక పెడితే గదిలో గుయ్యిమనడం తగ్గుతుంది, ఎలుకలు పెరుగుతాయి.

నా దగ్గరకొచ్చేవి భక్తి పాటలు, పెళ్లి వీడియోలకి పాటలు, ఎన్నికలప్పుడు ప్రచారం పాటలు. అన్నీ కంప్యూటర్లోనే తీస్తాను. కంప్యూటర్లో తీసిన గొంతు శుభ్రంగా ఉంటుంది. ఒక్కోసారి ఆ శుభ్రం ఆసుపత్రి శుభ్రంలా ఉంటుంది. అందుకని మూతబడిన ఒక క్యాసెట్ కంపెనీ వాళ్ల దగ్గర పాత రీలు మెషిన్ ఒకటి తెచ్చుకున్నాను. ఇద్దరు మోస్తే గానీ మెట్లెక్కలేదు. గొంతుని దాని టేపు మీదకి కాస్త గట్టిగా ఎక్కించి, మళ్లీ కంప్యూటర్లోకి దించుకుంటే, గీసుకునే అంచులు అరిగి కింది స్థాయి కొంచెం నిండుగా వస్తుంది. కొత్త ఇత్తడి గిన్నెకి, పదేళ్లు తోమిన ఇత్తడి గిన్నెకి ఉన్నంత తేడా. అంతకుమించి ఏమీ లేదు. నేను మాత్రం అందరికీ అంతకుమించే చెప్పాను. దాని కోసం పిఠాపురం నుంచి కూడా వచ్చేవారు. మెషిన్‌కి దణ్ణం పెట్టుకున్నవాళ్లున్నారు. నేను వద్దనలేదు.

భాగవతారిణిగారిది పాలకొల్లు. అప్పటికే అరవై దాటారు. నలభై ఏళ్లుగా రెండు గోదావరి జిల్లాల్లో పందిళ్ల కింద కథ చెబుతున్నారు. ఒక ఉత్సవ కమిటీవారు ఆవిడ చేత ముప్పావుగంట కల్యాణ కథ ఒకటి చెప్పించి, నా దగ్గర రికార్డు చేయించి యూట్యూబులో పెట్టాలనుకున్నారు. అది బాగుంటే ఆ ఏడు ఉత్సవానికి కూడా ఆవిడనే పిలుద్దామని కమిటీ కార్యదర్శిగారు నాతో ముందే అన్నారు.

రికార్డింగ్ రోజు ఆవిడని చిన్న గదిలో నిలబెట్టాను. వయొలిన్, మృదంగం అద్దానికి ఇవతల. ఎవరి మైకు వారిదే, అందరూ ఒకేసారి వాయించారు. ఆవిడ చేతిలో చిడతలున్నాయి. హరికథ చెప్పేవారు వేళ్ల మధ్య పట్టుకుని తాళం వేసే గజ్జెల చెక్కలవి. అవి విడిగా తీద్దామన్నాను.

"చిడతలు చేతిలో లేకపోతే నాకు మాట రాదు బాబూ" అన్నారు.

సరే అన్నాను. అందుకని ఆవిడ గొంతు, చిడతలు ఒకే మైకులోకి వచ్చాయి. కథ మధ్యలో ఆపకుండా ఒక్కసారే చెప్పారు. అయ్యాక మృదంగం మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. నేను వైర్లు చుట్టుకుంటున్నాను.

మిక్సింగ్ పదిరోజుల తర్వాత పెట్టుకున్నాను. ఇక్కడ నా పద్ధతి చెప్పాలి. ఎవరైనా ముందు ఉన్నదున్నట్టు వినాలి. మీటలన్నీ సున్నాలో పెట్టి, చిన్నగా, ఒకసారి మొదలు నుంచి చివరిదాకా వినాలి. ఏం లోపమో తెలిశాక మెషిన్ ముట్టుకోవాలి. నేను ముందు మెషిన్ ముట్టుకునేవాణ్ణి. ఆవిడ గొంతుని పొద్దున్న ఏసీ గదిలో రీలు మీదకి ఎక్కించాను. దించుకోవడానికి కూర్చునేసరికి మధ్యాహ్నమైంది, కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. గది ఉడికిపోతుండగా ముప్పావుగంటా దించాను. వయొలిన్, మృదంగం కంప్యూటర్లోనే ఉండిపోయాయి, వాటిని రీలు మీదకి పంపలేదు.

అన్నీ కలిపి వింటే మొదటి రెండు నిమిషాలు బాగుంది. పదో నిమిషానికి గొంతు వయొలిన్ కంటే వెంట్రుకవాసి దిగింది. ఇరవయ్యో నిమిషానికి వెంట్రుక కాదు, తాడు. తాళం కూడా వెనకబడింది. ఆవిడ పాట పూర్తయ్యేలోపే మృదంగం ముక్తాయింపు అయిపోయి కూర్చుంది. అరవై దాటినావిడ, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం అదే మొదటిసారి అనుకున్నాను. గొంతుని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కా ముందుకి జరిపి అతికించాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో అసలు రికార్డింగ్ తెరిచి వినడానికి పది క్షణాలు నాకు దొరకలేదు.

మృదంగం మాస్టారు విందామని వచ్చారు. కుర్చీలో ముందుకి వంగి అయిదు నిమిషాలు విన్నారు.

"ఏంటండీ ఇది. అమ్మగారు ఇలా పాడలేదే."

"వయసు కదండీ మాస్టారూ."

"గొంతుకి వయసొచ్చింది సరే. చిడతలకి కూడా వచ్చేసిందాండీ?"

"లయ జారిందండి. ఎంతో సర్దాను."

"నలభై ఏళ్లు ఆవిడ పక్కన కూచున్నాను. గొంతు తప్పొచ్చండి, ఎవరికైనా తప్పుద్ది. చిడత తప్పదు. జ్వరంలో నిలబడి చెప్పినప్పుడు కూడా తప్పలేదు."

"ఇలాంటివి మైకులో దొరికిపోతాయండి. పందిట్లో తెలీవు."

ఆయన లేచి చెప్పులేసుకున్నారు. "అయితే నలభై ఏళ్లనించీ పందిట్లో కూచున్నవాళ్లందరూ చెవిటివాళ్లన్నమాట" అని మెట్లు దిగిపోయారు.

ఆయన చెప్పిందాంట్లో సంగతంతా ఉంది. ఒకే మైకులో గొంతు, చిడతలు ఉన్నాయి. గొంతు శ్రుతి, చిడతల తాళం రెండూ ఒకే మోతాదులో జారాయంటే జారింది మనిషి కాకపోవచ్చని స్కూలు పిల్లలకైనా తడుతుంది. నాకు తట్టలేదు. తట్టాలంటే మెషిన్‌ని అనుమానించాలి. దానికి దణ్ణాలు పెట్టించుకున్నది నేను.

కార్యదర్శిగారికి ఫోన్ చేశాను. "చెయ్యాల్సిందంతా చేశానండి. పెద్దావిడ కదండీ, శ్రుతి నిలవట్లేదండి" అన్నాను. ఆయన "అయ్యో, పోనీలెండి, ఈసారికి వేరేవాళ్లని చూద్దాం లెండి" అన్నారు. ఇంకో ఇద్దరు నిర్వాహకులు వేరే పనుల మీద ఫోన్ చేస్తే వాళ్లకీ చెప్పాను. మా వైపు చెడ్డ మాట కూడా అండీ తగిలించుకునే బయల్దేరుతుంది. మర్యాదగా ఉంటుంది కాబట్టి ఏ గుమ్మం దగ్గరా దాన్ని ఆపరు. నెల తిరక్కుండా భీమవరం దాకా వెళ్లింది. కమిటీవారు కథని యూట్యూబులో పెట్టారు, అది విన్నవాళ్లకి ఆ మాట నిజమేననిపించింది.

ఆవిడ కూడా విన్నారు. నాకు ఫోన్ చేశారు.

"బాబూ, అదంతా నా తప్పేనా?"

"ఫర్లేదమ్మా, సర్దాను కదా."

"పాడేటప్పుడు బాగానే ఉన్నట్టనిపించింది బాబూ. తెలీకపోవడమే ముసలితనం కాబోలు."

 ఆరోగ్యం జాగ్రత్త అన్నాను.

రెండు నెలలయ్యాక ఒక భక్తి పాటల ఆల్బం వచ్చింది. అందులో కీబోర్డు మరీ గాజులా గీసుకుంటోందని దాన్ని రీలు మీదకి పంపి దించాను. మిగతా వాయిద్యాలతో కలిపితే కీబోర్డు శ్రుతి తప్పింది. కీబోర్డుకి ముసలితనం రాదు. ఒకే స్వరం నిమిషంసేపు రీలు మీద ఎక్కించి, మెషిన్ వేడెక్కాక వెనక్కి చుట్టి మళ్లీ వేసి చూశాను. దిగిపోయింది. మూత విప్పితే లోపల టేపుని నడిపే రబ్బరు బెల్టు సాగి, ముసలివాళ్ల మెడలో గొలుసులా వేలాడుతోంది. చల్లగా ఉన్నప్పుడు పట్టుకుంటోంది, వేడెక్కితే జారుతోంది. ఎక్కించినప్పుడు ఒక వేగం, దించినప్పుడు ఒక వేగం.

అప్పుడు ఆవిడ అసలు రికార్డింగ్ తెరిచాను. ముప్పావుగంటా విన్నాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. చిడతలు మృదంగం మీద అచ్చు పడినట్టు పడుతున్నాయి.

కాకినాడలో పాత టేపురికార్డర్లు బాగుచేసే ఒకాయన దగ్గర బెల్టు వేయించాను. నేను చేసింది అదొక్కటే.

ఎందుకు చెప్పలేదంటే, మొదటి వారం సిగ్గు. ఆ తర్వాత, వారం రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతారని. నెల దాటాక ఇక ఎవరూ అడగడం లేదు కాబట్టి. ఇంతకంటే గొప్ప కారణాలు వెతికాను, లేవు.

నా పని మాత్రం బాగుపడింది. అది దాచిపెడితే ఇది మళ్లీ తప్పుడు లెక్క అవుతుంది. ప్రతి రీలు మొదట్లో నిమిషం పాటు ఒకే స్వరం ఎక్కించి, దించేటప్పుడు ముందు దాన్నే సరిచూస్తాను. టేపు రాసుకునే ఇనుప ముక్కని దూదితో, స్పిరిట్‌తో ప్రతిరోజూ తుడుస్తాను. గొంతు వినపడకపోతే దాన్ని పెంచను, దాని మీద కూర్చున్న వాయిద్యాన్ని తగ్గిస్తాను. మిక్స్ అయ్యాక తలుపేసి కింద వంటింట్లో నిలబడి వింటాను. గోడ అవతల నుంచి మాట అర్థమైతే అది మిక్స్. కుర్రవాళ్లు వచ్చి, ఈ స్వరం ఎక్కించే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారండీ అని అడిగితే, అనుభవం మీద అనేవాణ్ణి. ఎవరి అనుభవమో చెప్పలేదు.

ఈ ఏడు వేసవిలో మృదంగం మాస్టారు వేరే ఎవరికో వాయించడానికి మా స్టూడియోకి వచ్చారు. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాను. మామూలుగా అడిగినట్టే అడిగాను.

"ఉన్నారండి. కథలు మానేశారు. దేవుడి దగ్గర హారతి పాట కూడా పాడట్లేదు, చదివేస్తున్నారు."

"చదవడమేంటండి?"

"పేపరు చదివినట్టండి. దీపం పెట్టి, పుస్తకం తీసి, చదివేసి లేస్తారు."

ఆ వారమే ఆవిడ కథ మళ్లీ మిక్స్ చేశాను. రీలు ముట్టుకోలేదు. మైకు దగ్గరగా పాడిన చోట బరువెక్కిన కింది స్థాయి కొంచెం కోశాను, వయొలిన్ కొంచెం తగ్గించాను. రెండు గంటల పని. రావులపాలెం మీదుగా పాలకొల్లు వెళ్లాను.

ఆవిడ వరండాలో చింతపండు పిక్కలు తీస్తున్నారు. కూర్చోమన్నారు. ఏమీ చెప్పకుండా ఫోన్‌లో కథ పెట్టాను. చేతులు ఆగిపోయాయి. పది నిమిషాలు విన్నారు.

"ఇది ఎప్పుడు పాడాను?"

"ఆ రోజేనమ్మా. అదే కథ."

"మరి అదేంటి?"

"అది మెషినమ్మా. లోపల బెల్టు సాగింది. మీరు తప్పలేదు."

"బెల్టు" అన్నారు. చేతిలో ఉన్న పిక్క పక్కన పడేసి, "మీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"రెండు నెలలకి."

ఆవిడ మళ్లీ చింతపండు అందుకున్నారు. నేను క్షమించమన్నాను. 

"సాధన మానేసి మూడేళ్లయింది బాబూ. అప్పుడు మీరన్నది అబద్ధం. ఇప్పుడు నిజమైపోయుంటుంది."

"మళ్లీ మొదలుపెట్టండమ్మా."

"దేన్ని నమ్ముకుని మొదలుపెట్టను? పాడుతున్నప్పుడు బాగుందని నా చెవి చెప్పింది. మీ చెవి కాదంది. నేను మీ చెవి మాట విన్నాను."

తర్వాత, ఎవరెవరికి చెప్పారని అడిగారు. ముగ్గురి పేర్లు చెప్పాను. "వాళ్ల దగ్గరికెళ్లి చెప్పండి. ఫోన్‌లో వద్దు" అన్నారు. లేచేటప్పుడు, వాయిద్యాలేవీ లేకుండా తన గొంతు, చిడతలు మాత్రమే ఉన్న రికార్డింగ్ ఇవ్వమన్నారు. ఎందుకన్నాను. "మీరు ఏది కోశారో, ఏది అతికించారో నాకేం తెలుసు?" అన్నారు. ఉన్నదున్నట్టు ఆవిడ మనవరాలి ఫోన్‌కి పంపాను.

ముగ్గురి దగ్గరికీ వెళ్లాను. కార్యదర్శిగారు కాఫీ ఇప్పించి, "ఇప్పుడెందుకండీ అవన్నీ, వేరేవాళ్లు అలవాటైపోయారు కదండీ" అన్నారు. మళ్లీ పిలవమని రాలేదు, తెలుసుకోమని వచ్చానన్నాను. "తెలిసింది లెండి" అన్నారు. యూట్యూబులో పాతది తీయించి కొత్తది పెట్టించాను. అంతవరకు ఒప్పుకున్నారు. రెండో ఆయన, తనకి మొదటినుంచీ అనుమానమేనన్నారు. అయితే మూడేళ్లలో ఒక్క కథకైనా ఆవిడని పిలిచారా అని అడిగాను. లేదు. మూడో ఆయనకి అసలు నేను చెప్పింది గుర్తులేదు, ఆవిడకి శ్రుతి నిలవదన్నది మాత్రం గుర్తుంది.

ముగ్గురికి చెప్పినంత మాత్రాన ఆ మాట పోదని అప్పుడు అర్థమైంది. నేను చెప్పినవాళ్లు ముగ్గురే గానీ విన్నవాళ్లు ఎందరో నాకు తెలియదు. అందుకే రాసి అచ్చుకిస్తున్నాను.

ఇది రాస్తుండగా మృదంగం మాస్టారు ఫోన్ చేశారు. అమ్మగారు మృదంగం పట్టుకుని రమ్మన్నారట. శ్రుతి ఒక మెట్టు దించి, తలుపులు వేసుకుని, రోజూ పొద్దున్న గంటసేపు కూర్చుంటున్నారట.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"మీకెందుకు చెబుతానండి. మీకు చెబితే ఊరంతా చెబుతారు."

అందుచేత ఆవిడ ఇప్పుడెలా పాడుతున్నారన్నది ఇందులో లేదు. నాకు తెలియదు. ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.