వీక్‌నెస్ కింద రెండు గీతలు

రెండువేల పదిహేను జూన్‌లో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని ఒక కార్మికుల డిస్పెన్సరీకి బదిలీ చేశారు. హోదా ఫార్మసిస్ట్ గ్రేడ్ వన్. రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్ళుంది. బోడుప్పల్‌లోని మా ఇంటి నుంచి ఉప్పల్ చౌరస్తా మీదుగా స్కూటర్ మీద వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆ హోదాను అక్కడ ఒక్కరూ నోరారా పలకలేదు. అందరికీ నేను కాంపౌండర్‌నే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నేను డిప్లొమా చదివినవాణ్ణి, రిజిస్ట్రేషన్ ఉన్నవాణ్ణి. చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి మానేశాను.

డిస్పెన్సరీ పని తీరు తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. రోగి ముందు కౌంటర్లో ఓపీ చీటీ రాయించుకోవాలి. డాక్టరు చూసి ఆ చీటీ మీద మందులు రాస్తారు. అది పట్టుకుని నా కిటికీ దగ్గరికి రావాలి. కిటికీకి ఇనుప జాలీ, అందులో చెయ్యి పట్టేంత సందు. మందులు ఇస్తూ పేరు, మోతాదు గట్టిగా అరిచి చెప్పడం మా పద్ధతి. యంత్రాల మోతలో బతికిన వాళ్ళలో చాలామందికి చెవులు మందగించి ఉండేవి, మెల్లగా చెబితే వినపడదు. "ఎల్లయ్యా! గుండ్రం గోలి తిన్నంక ఒకటి! మలాం మందు పొద్దున మాపున రుద్దుకో!" అని నేను అరిస్తే, ఎల్లయ్యకు గజ్జి అని వరసలో ఉన్న నలభై మందికీ తెలిసిపోయేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. మొలలున్నవాడు కూడా నవ్వుతూ తీసుకుపోయేవాడు.

ఒక్క బాధ మాత్రం ఆ కిటికీలో నుంచి దాటేది కాదు. దాని పేరు వీక్‌నెస్. యాభై దగ్గర పడినవాళ్ళు, దాటినవాళ్ళు, రెండో షిఫ్టు ఎక్కబోయే ముందు, వరస ఖాళీ అయ్యాక వచ్చేవారు. "సారూ, జర వీక్‌నెస్ ఉన్నది" అనేవారు. అంటున్నప్పుడు నా మొహం చూడరు, నా వెనక అల్మారా చూస్తారు. మా పాత మెడికల్ ఆఫీసరుకు ఈ సంగతి తెలుసు. పెద్దమనిషి, ఎవరినీ నొప్పించే రకం కాదు. చీటీ మీద వీక్‌నెస్ అని రాసి, దాని కింద రెండు గీతలు కొట్టేవారు. ఆ గీతలకు అర్థం మా ఇద్దరికే తెలుసు. ఈ మనిషికి భార్య దగ్గర అంగస్తంభన సరిగా ఉండటం లేదు, ఏమీ అడగకు, పేరు పెట్టి అరవకు, బీ కాంప్లెక్స్ గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చి పంపు.

ఆ గోలీలకు ఆ పని చేతకాదని నాకు తెలుసు. వాటితో మూత్రం పచ్చగా వస్తుంది, అంతే. అది చూసి వాళ్ళు ఒంట్లో వేడి పోతోందని సంబరపడేవారు. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. అయినా ఆ రెండు గీతలను నేను గొప్ప మర్యాద అనుకున్నాను. అలా అనుకోవడానికి నా సొంత కారణం ఒకటుంది. దానికి తర్వాత వస్తాను.

ఇందులో తప్పేమిటో కూడా చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ మగవాడి శరీరం నెమ్మదిస్తుంది. ఎక్కువ సమయం పడుతుంది, ప్రతిసారీ కుదరదు. అది జబ్బు కాదు. కానీ నెలల తరబడి అసలే కుదరకపోతే వెనక ఏదో ఉంటుంది. షుగరు కావచ్చు, బీపీ కావచ్చు, బీడీలు, తాగుడు, మనోవ్యథ, ఒక్కోసారి వేరే జబ్బుకు వాడుతున్న గోలీలు కూడా కావచ్చు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం. పూడిక మొదలైతే ముందు అక్కడ తెలిసి, గుండెలో తర్వాత తెలిసే వీలుంది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆ గీతలు పడ్డ చీటీతో మాత్రం ఏ మగవాడూ షుగరు పరీక్షకు పోలేదు, బీపీ పట్టీ కట్టించుకోలేదు. పరగడుపున పరీక్ష అంటే సగం షిఫ్టు పోతుంది. వాళ్ళూ అడగలేదు, మేమూ అడగలేదు.

యాదగిరి అలా వచ్చినవాళ్ళలో ఒకడు. మోత్కూరు వైపు మనిషి. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మౌల్డింగ్ మిషన్ ఆపరేటరు, యాభై రెండేళ్ళు. భార్య అండాలు దగ్గర్లోనే ఇంకో కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఏడాదికి పైగా అతను రెండు గీతల చీటీ తెచ్చి బీ కాంప్లెక్స్ తీసుకుపోయాడు. ఒకసారి జాలీకి మొహం ఆనించి, "సారూ, గీ గోలీలతోటి ఏం ఫరక్ పడ్తలేదు. మెట్లెక్కితే దమ్ము గూడ వస్తున్నది" అన్నాడు. "వయసు గదా యాదగిరి. అది కూడ వీక్‌నెస్సే. వాడుకుంట ఉండు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, ఎవరి మీదికీ నెట్టలేను.

మరుసటి ఏడు పాత డాక్టరుగారు రిటైరై, డాక్టర్ రజిత వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. ఆ రెండు గీతల సంగతి ఆమెకు చెప్పాలి. నా కూతురి వయసు పిల్లకు ఎట్లా చెప్పను? చెప్పలేదు. పాత చీటీలు చూసి నా అంతట నేనే గోలీలు ఇస్తూ వచ్చాను.

అవి వానాకాలం రోజులు. ఒక పూట పదకొండు గంటలప్పుడు యాదగిరిని ఆటోలో తెచ్చారు. చొక్కా చెమటతో ముద్దయింది, అరచెయ్యి ఛాతీ మీద ఉంది. వెంట అండాలు, సూపర్‌వైజర్ కిష్టయ్య. కిష్టయ్య యాదగిరికి స్వయానా బావమరిది, అండాలు తమ్ముడు. డాక్టరు ఈసీజీ తీసి, కాగితం చూడగానే ఎమర్జెన్సీ ట్రే తెమ్మంది. ట్రే అందించడం నా పని. అందులో నాలుక కింద పెట్టే నైట్రేట్ గోలి ఉంటుంది. గుండె నాళాలను వదులు చేసి నొప్పి తగ్గిస్తుంది.

ఆమె పద్ధతి ప్రకారమే అడిగింది. "వేరే గోలీలు ఏమన్నా వేసుకున్నారా?" యాదగిరి "లేదు మేడం" అన్నాడు. అండాలు అందుకుని, "ఏం ఏసుకోడు మేడం. గీ దవఖాన గోలీలే" అంది. డాక్టరు నా వైపు చెయ్యి చాపింది.

గోలీ పట్టీ నా చేతిలో ఉంది. బీ కాంప్లెక్స్‌తో ఫరక్ లేదన్న మనిషి ఏడాదిగా ఊరికే కూర్చున్నాడా? మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే మగతనం గోలి వేసుకుని ఉంటే? ఆ గోలీ, ఈ నైట్రేటూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అసలే దెబ్బ తిన్న గుండె, మళ్ళీ లేవకపోవచ్చు. ఇవ్వకుండా ఆపాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే భార్య ముందు, బావమరిది ముందు చెప్పినట్టే.

"మేడం, ఒక్క నిమిషం" అని, కిటికీ దగ్గర అరిచే గొంతుతో వాళ్ళిద్దరినీ బయటికి పొమ్మన్నాను. కిష్టయ్య కదల్లేదు. "గిప్పుడు మమ్ముల ఎందుకు ఎల్లగొడ్తున్నవ్, కాంపౌండర్ సాబ్?" అన్నాడు. "కాంపౌండర్ కాదు, ఫార్మసిస్ట్! నడువ్!" అని రెక్క పట్టుకుని బయటికి నెట్టి తలుపు వేశాను. మనిషి ప్రాణం మీద ఉన్నప్పుడు కూడా ఆ మాటకు నాకు కోపం వచ్చింది చూడండి.

యాదగిరి చెవి దగ్గర వంగి, మగతనం గోలి ఏమన్నా వేసుకున్నావా అని అడిగాను. లేదన్నాడు. కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. గదిలో ఇంకో ఆడమనిషి ఉందని నాకు అప్పుడు తట్టింది. డాక్టరును గోడ వైపు తిరగమన్నాను. ఎందుకని అడక్కుండా తిరిగింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ లేదన్నాడు. అప్పుడు నాకు ఇంకో దారి కనబడలేదు.

"యాదగిరి, నాకు గూడ గదే బాధ. నాలుగేండ్ల సంది. ఇంట్ల గూడ చెప్పలే. నీకు చెప్తున్న."

అతను అప్పుడు నా మొహం చూశాడు. ఏడాదిలో అదే మొదటిసారి.

"నిజమా సారూ?"

"నిజం. ఎప్పుడు ఏసుకున్నవ్ చెప్పు."

"పొద్దుగాల. ఉప్పల్ చౌరస్తల కొన్న. గీడైతే అందరు ఎరుకనే గదా." ఊపిరి తీసుకుని, "అండాలుకు చెప్పకు సారూ. ఇజ్జత్ పోతది" అన్నాడు.

పట్టీని ట్రేలో వెనక్కి పెట్టేశాను. డాక్టరు ఇటు తిరిగింది. నమలడానికి ఆస్పిరిన్ ఇచ్చి, అంబులెన్స్ పిలిపించి, పెద్దాసుపత్రికి రాసే రెఫరల్ చీటీలో ఆ గోలీ పేరు, వేసుకున్న వేళ ఇంగ్లీషులో స్పష్టంగా రాసింది. అంబులెన్స్ వాళ్ళకు ఆ చీటీ నేనే ఇచ్చి, ఆ వరస మీద వేలు పెట్టి చూపించాను. యాదగిరి బతికాడు. స్టెంట్ వేశారు. షుగరు కూడా ఉందని అక్కడే తేలింది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

సాయంత్రం డాక్టర్ రజిత పాత చీటీలు ముందు వేసుకుని ఆ రెండు గీతలేమిటని అడిగింది. చెప్పాను. "అంటే మర్యాద కోసం పరీక్ష చెయ్యకుండా పంపించారన్నమాట" అంది. తర్వాత నేను లేచి వెళ్ళబోతుంటే, చీటీల మీద నుంచి తల ఎత్తకుండా, "శంకరయ్యగారూ, రేపు పరగడుపున రండి, షుగర్ చూద్దాం" అంది. గోడ వైపు తిరిగిందే కానీ చెవులు ఎక్కడికి పోతాయి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా మొహమే నన్ను పట్టించింది. పరీక్షలో నాకూ షుగరు బయటపడింది.

ఆ వారం నుంచి పద్ధతి మార్చాం. నలభై దాటిన మగవాడు ఏ బాధ చెప్పినా ముందు బీపీ, షుగరు. ఫార్మసీ తలుపు లోపల ఒక కుర్చీ వేశాం. మనిషిని అందులో కూర్చోబెట్టి, ఇంకెవరూ లేకుండా అడగాలి.

నాలుగైదు నెలలకు యాదగిరి అండాలుతో కలిసి వచ్చాడు. వరస నిండుగా ఉంది. అండాలు జాలీ దగ్గరికి వచ్చి, నేను అరిచే గొంతుతోనే, "సారూ, ఆ గోలి ఈయన ఏసుకోవద్దన్నరు గదా, మరి వేరే ఇలాజ్ ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె వెనక్కి తిరిగి, "ఏందిరా నవ్వుతున్రు? మీ ఇండ్లల్ల లేదా?" అంది. ఇద్దరినీ లోపలికి పిలిచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, గుండె డాక్టరు ఒప్పుకున్నాకే ఏదైనా అని, ఇతర మార్గాలు కూడా ఉన్నాయని చెప్పాను. ఆమె పెద్దాసుపత్రి చీటీ తెచ్చేందుకు బయటికి వెళ్ళినప్పుడు యాదగిరి మెల్లగా అడిగాడు. "నేనైతే చెప్పేసిన సారూ. మీరు చెప్పిన్రా ఇంట్ల?"

"చెప్పిన" అన్నాను. అబద్ధం.

మా ఇంట్లో జరిగింది ఇది. యాదగిరి సంగతికి నాలుగేళ్ళ ముందే నడుం నొప్పి వంకతో నా పక్క హాల్లోకి మార్చుకున్నాను. సరోజ కొన్నాళ్ళు చూసి, ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నా మీద ఏమన్న కోపమా?" అని అడిగింది. "ఏం లేదు, జర వీక్‌నెస్" అన్నాను. మర్నాటి నుంచి రాగిజావ కాచి ఇచ్చింది, నువ్వుల లడ్డూలు చేసి డబ్బాలో పెట్టింది. షుగరు వచ్చిందని చెప్పినప్పుడు లడ్డూలు మానేసింది. షుగరు సంగతి చెప్పాను, తక్కినది చెప్పలేదు. మందు కొందామంటే ఉప్పల్‌లో ప్రతి మెడికల్ షాపు వాడూ నన్ను సారూ అని పిలుస్తాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. రోజూ ఆ కుర్చీలో పదిమందిని కూర్చోబెట్టి, భార్యకు చెప్పుకోండి అని చెప్పేవాణ్ణి. ఇంటికొచ్చి హాల్లో పడుకునేవాణ్ణి.

రిటైరైన మరుసటి ఏడు సరోజ పోయింది. పదకొండో రోజు అయ్యాక వాళ్ళక్క నా దగ్గర కూర్చుని, "నీ గురించి అది ఎన్నడు తప్పు మాట్లాడలె శంకరయ్యా. ఒక్కటే అనేది. ఆయనకు నా మీద మనసు విరిగింది అక్కా, నేనేం తప్పు జేసిన్నో తెలుస్తలేదు అని" అంది. ఆమెకు కూడా నేను ఏమీ చెప్పలేకపోయాను.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఇంతే. ఈ బాధ గురించి నలుగురిలో అడిగితే నలుగురి కోసం జవాబు వస్తుంది. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. వీక్‌నెస్ అన్నవాడికి ముందు బీపీ చూడండి, షుగరు చూడండి, మెట్లెక్కితే ఏమవుతోందో అడగండి. మగవాడు దీన్ని తన పరువు సంగతి అనుకుని దాస్తాడు. పక్కనున్న మనిషి దాన్ని తన తప్పు అనుకుంటుంది. యాదగిరికి నిజం చెప్పడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ తర్వాత సరోజ ఐదేళ్ళు బతికింది.