దేవదానం మామయ్య మొదటి ప్రశ్న

ఈ ఉదయం మా వార్డు కిటికీలోంచి మిరప ఘాటు వచ్చింది. ఆస్పత్రి గోడ పక్కన కాయల లారీ ఏదో ఆగినట్టుంది. ఇద్దరు రోగులు, డాక్టరు గారు, నేను వరసగా తుమ్మాం. వాళ్ళు విసుక్కుంటుంటే నాకు మాత్రం నవ్వాగలేదు. "ఏంటి సిస్టర్, మీకేమైంది?" అన్నారు డాక్టరు గారు. మా పెళ్ళి గుర్తొచ్చిందంటే నమ్మరని ఊరుకున్నాను. నిజానికి గుర్తొచ్చింది పెళ్ళి కూడా కాదు, దేవదానం మామయ్య.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. ప్రత్తిపాడులో మా పక్కింట్లో ఉంటూ అద్దె కారు నడిపేవాడు. నాన్న పోయాక మా ఇంటికి మగదిక్కు ఆయనే. అమ్మ ఆయన్ను అన్నయ్యా అని పిలిచేది కనుక నాకు మామయ్య అయ్యాడు. గొంతు పెద్దది, గొప్పలు అంతకన్నా పెద్దవి. గుంటూరు జిల్లాలో తనకు అర్థంకాని ఇంజను లేదనేవాడు. అమ్మ మూతి తిప్పేది. నేను మాత్రం నోరు తెరుచుకుని వినేదాన్ని. నర్సింగ్ చదివే రోజుల్లో సెలవులయ్యాక నన్ను హాస్టల్లో దింపేది ఆయనే కాబట్టి దారిపొడవునా ఆ గొప్పలే నాకు కాలక్షేపం.

అలా వెళుతుండగా ఒకసారి పత్తి విత్తనాల కొట్టు సుబ్బారావు గారు రోడ్డు పక్కన తన కారుతో తంటాలు పడుతూ కనిపించారు. "ఎంత తొక్కినా వేగం అందుకోవట్లేదయ్యా దేవదానం. నిన్నటిదాకా బాగానే ఉంది" అన్నారు. మామయ్య బానెట్ ఎత్తనే లేదు. "చివరగా దీని మీద ఎవరి చెయ్యి పడిందండి?" అని అడిగాడు. ఎవరూ ముట్టుకోలేదన్నారాయన. "ముట్టుకోకపోతే బాగున్న బండి ఎందుకు చెడుద్దండి? నిన్న ఏం చేయించారో చెప్పండి." సుబ్బారావు గారు కాసేపు ఆలోచించి, "ఏముంది, మా ఆవిడ పోరు పడలేక కాళ్ళ కింద కొత్త మ్యాట్ వేయించాను" అన్నారు. మామయ్య వంగి చూస్తే ఆ మందపాటి మ్యాట్ ముడుచుకుని యాక్సిలరేటర్ కింద దూరి ఉంది. పెడల్ సగం దాకే దిగుతోంది. దాన్ని లాగి అవతల పడేసేసరికి ఇద్దరూ పడీపడీ నవ్వారు. "చూశావా అమ్మాయ్, రోగం కన్నా ముందు ముట్టుకున్న చేతిని వెతకాలి" అన్నాడు కారెక్కాక. అన్ని బళ్ళకూ అది నిజం కాదని ఇప్పుడు తెలుసు గాని, ఆ రోజు నాకు వేదవాక్కులా వినిపించింది.

నాకు వేటపాలెం సంబంధం కుదిరింది. చుట్టాలంతా బస్సులో ముందే వెళ్ళిపోయారు. నేను, అమ్మ, తమ్ముడు మామయ్య కారులో బయలుదేరాం. చర్చిలో నా చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది కూడా ఆయనే. పాస్టరు గారికి ఆ మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి ఉంది. ఆలస్యమైతే ఆగనని ముందే చెప్పారు. అది మిరప కోతల కాలం. దారి పొడవునా కల్లాల్లో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పర్చూరు దాటాక కారు నీరసపడింది. నెమ్మదిగా పోతే పోతోంది, గట్టిగా తొక్కితే నల్లటి పొగ వదిలి మూలుగుతోంది. కాలువ వంతెన ఎత్తు ఎక్కలేక మధ్యలోనే ఆగిపోయింది.

మామయ్య తెల్లచొక్కా చేతులు మడిచి దిగాడు. డీజిల్ పైపు చూశాడు. ఫిల్టరులో నీళ్ళు చేరాయేమోనని వదిలి చూశాడు. ఆగి ఉన్నప్పుడు ఇంజను చక్కగానే తిరుగుతోంది. "ఎవర్రా నా కారు ముట్టుకుంది?" అని తమ్ముడి మీద పడ్డాడు. వాడు బిక్కమొహం వేశాడు. "మా మీదెందుకు అరుస్తావు అన్నయ్యా, నేను కారు ముందు పూలు కట్టానంతే" అంది అమ్మ. వెనక వస్తున్న మిరపకాయల లారీ ఆపి ఎక్కేద్దామని కూడా అంది. నా పెళ్ళి ఈ వంతెన మీదే ఆగిపోతుందేమోనని నాకు ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనే అడిగాను.

"మామయ్యా, తెల్లారి కారు దగ్గర నువ్వేగా ఉన్నావు. నువ్వేం చేశావు?"

ఆయన మెల్లగా వెళ్ళి, ఇంజనుకు గాలి వెళ్ళే గొట్టం దగ్గర చెయ్యి పెట్టి, ఒక గుడ్డ ఊడదీశాడు. మడతలు పెట్టిన తడిగుడ్డ. దుమ్మూ మిరప పొడీ పట్టి అట్టకట్టేసింది. "కల్లంలో ఆడోళ్ళు ముక్కుకి కట్టుకుంటారు కదమ్మా. ఘాటు లోపలికి రాకూడదని కట్టా. పెళ్ళికూతురు తుమ్ముకుంటా దిగితే ఏం బాగుంటదని..." అన్నాడు. ఇంజను పీల్చే గాలికీ మా ముక్కులకూ సంబంధం లేదని ఆయనకు తెలియదా? తెలుసు. ప్రేమ మరీ ఎక్కువైతే తెలిసిందీ మరిచిపోతాం. ముందు అమ్మ నవ్వింది, తర్వాత మేమంతా నవ్వాం, అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. కారు వంతెన ఎక్కి దిగి, చీరాల మీదుగా వేటపాలెం దూసుకుపోయింది.

చర్చి గుమ్మంలో పాస్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. పెళ్ళికొడుకు మేనత్త, "మంచి కారే దొరకలేదా?" అని అందరికీ వినబడేలా అంది. మామయ్య అంతకన్నా పెద్ద గొంతుతో, "కారుకేం రోగం లేదండి. నేనే దాని ముక్కు మూశాను" అని జరిగిందంతా చెప్పేశాడు. చర్చి మొత్తం గొల్లున నవ్వింది. పాస్టరు గారు నవ్వు ఆపుకుంటూనే ప్రార్థన మొదలుపెట్టారు.

మామయ్య ఇప్పుడు లేడు. వార్డులో ఏ మిషనైనా మొరాయిస్తే నేను ముందు నా చేతులు చూసుకుంటాను. ఆ అలవాటు ఆయన పెట్టిందే. ఆ రోజు తన సంగతి మా ఆయన పెళ్ళయిన చాన్నాళ్ళకు చెప్పాడు. తెలియని పిల్లతో ఎలా బతకాలా అని గుమ్మంలో నిలబడి భయపడుతున్నాడట. అంతమందిలో తప్పు తనదేనని నవ్వుతూ చెప్పే మనిషి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రావడం చూశాక భయం పోయిందట. ఇప్పటికీ మా ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు ఇద్దరిలో ఎవరో ఒకరు, "నేనే మూశాను" అంటారు. రెండోవాళ్ళు నవ్వక తప్పదు.