పెళ్లికూతురి గదిలో కంప్యూటర్

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది జనవరిలో మా కంపెనీ నన్ను హైదరాబాద్ నుంచి ఆదోని శాఖకు పంపింది. హోదా పోర్టింగ్ విభాగాధిపతి. నా పైన డైరెక్టర్, నా కింద పది మంది లోపు ఇంజనీర్లు. మూతపడిన పత్తి జిన్నింగ్ మిల్లు పక్క మేడ మీద ఆఫీసు. మాది ఎమ్మిగనూరు. అమ్మ ఉన్న ఇంట్లోనే దిగి రోజూ బస్సులో ఆదోనికి వెళ్లి వచ్చేదాన్ని. ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లుంది. సొంత ఊరి పక్కనే చివరి కొలువు దొరికిందని సంతోషపడ్డాను.

పోర్టింగ్ అంటే ఒక యంత్రం కోసం రాసిన ఆటను ఇంకో యంత్రం మీద నడిచేలా చేయడం. మాకు అప్పగించింది ఒక విదేశీ సంస్థ తయారుచేసిన పీసీ గేమ్. సముద్రం ఒడ్డున పెద్ద నగరం, ఎడతెగని వాన, సందుల నిండా జనం. ఖరీదైన కంప్యూటర్లే దాన్ని మోయలేక రొప్పేవి. దాన్ని అరచేతిలో పట్టే ఒక ఓపెన్ సోర్స్ ఆటపెట్టెలోకి దించాలి. ఆ పెట్టెలోని సాఫ్ట్‌వేర్ అంతా బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, తప్పు కనబడితే సరిదిద్ది పంపవచ్చు. నిర్వాహకులు పరీక్షించి ఒప్పుకుంటే పంపిన మనిషి పేరుతో సహా ఆ మార్పు అందులో చేరుతుంది. ఆ లోకంలో జీతం కన్నా, డిగ్రీ కన్నా ఆ పేరుకే విలువ.

పెద్ద కంప్యూటర్లో బొమ్మలు గీసే చిప్‌కు సొంత మెమరీ ఉంటుంది. ఈ పెట్టెలో ఆ చిప్పూ ప్రాసెసరూ ఒకే కంచంలో తినాలి, ఆ కంచమూ చిన్నదే. అందుకని దూరంగా కనిపించే జనాన్ని అట్టముక్కల్లా పలుచగా గీసి, దగ్గరికి వచ్చినవాళ్లకే ఒళ్లూ నీడా ఇచ్చాం. ఆ భాగం ఆదోని కుర్రవాడు ఇమ్రాన్ రాశాడు. అన్నిటికన్నా మొండి సమస్య వాన. ఆటలో సంత జరిగే ఘట్టం ఒకటుంది. అక్కడికి వెళ్లగానే వాన ధారలు నల్లటి పేలికలై తెర చిరిగిపోయేది.

దాన్ని పట్టుకున్నది సునీత. నందవరం మండలంలో ఒక పల్లె ఆమెది. నాన్న యేసోబు, అమ్మ ఇద్దరూ కూలి పనులకు పోతారు. కర్నూలులో ఇంజనీరింగ్ చదివి మా దగ్గర చేరింది. నెలన్నర ఆ వాన వెంటే పడింది.

ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, తప్పు మన కోడ్‌లో లేదు. డ్రైవర్‌లో ఉండాది," అంది.

డ్రైవర్ అంటే ఆటకూ చిప్‌కూ మధ్య దుబాసీ. ప్రపంచమంతా వాడే డ్రైవర్లో తప్పుందని ఆదోనిలో కూర్చున్న ఒక జూనియర్ ఇంజనీర్ అంటే ఎవరైనా ముందు నవ్వుతారు. నేను నవ్వలేదు గానీ నమ్మనూ లేదు. రుజువు చూపమన్నాను. చూపింది. ఆ సవరణను కంపెనీ అనుమతితో తన పేరు మీదే డ్రైవర్ నిర్వాహకులకు పంపింది. వాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అన్నిటికీ జవాబిచ్చింది. పరిశీలనకు తీసుకున్నామన్నారు.

ఈలోగా ఆ సవరణను మా పెట్టెల్లో మేమే వేసుకున్నాం. ఏప్రిల్ వచ్చేసరికి ఆట నడిచింది. ఈ మాట జాగ్రత్తగా రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగిన రభసంతా దీని చుట్టూనే. ఆట ఆ చిన్న పెట్టెలో, దాని సొంత చిప్ మీద, మెమరీ కార్డు నుంచి నిజంగా నడిచింది. వీధుల్లో సెకనుకు ముప్పై బొమ్మలు వచ్చేవి. సంతలోకి వెళ్తే ఇరవై దగ్గరికి పడిపోయి కాస్త తడబడేది. ఈ వృత్తి తెలిసినవాళ్లెవరైనా ఆ తడబాటు చూసి చేతులెత్తి దండం పెడతారు.

మా డైరెక్టర్ శ్రీకర్ గారికి ఈ వృత్తి తెలియదు. ఆయనకు తెలిసింది అమ్మడం. హైదరాబాద్ నుంచి వచ్చి ఆట చూశారు.

"ఇది తడబడుతోంది కదండీ. సినిమా చూసినట్టు సాఫీగా ఉండాలి," అన్నారు.

ఆ చిప్‌కు అంతకన్నా శక్తి లేదని, ఉన్నదున్నట్టు చూపితేనే మర్యాద అని చెప్పాను. తల ఊపారు. ఆయన ఒప్పుకున్నారనుకున్నాను. మే నెలలో ఆదోనిలోనే ఒక కల్యాణమండపం తీసుకుని ప్రదర్శన పెట్టారు. చిన్న ఊరి పిల్లలు పెద్ద ఆటను జేబులోకి దించారని ప్రచారం. బెంగళూరు నుంచి విలేఖరులు, ఆటల వీడియోలు చేసే కుర్రవాళ్లు, ఊళ్లో పెద్దలు అందరూ వచ్చారు.

వేదిక మీద ఆడి చూపించేది సునీత. ఆ పొద్దున డైరెక్టర్ మనుషులు ఛార్జింగ్ పెడతామని ఆమె చేతిలోని పెట్టె తీసుకుని, కార్యక్రమం మొదలయ్యే ముందు తిరిగి ఇచ్చారు. ఆమె ఆడుతుంటే వెనక పెద్ద తెర మీద కనిపిస్తోంది. ముందు వరసలో కూర్చున్న నాకు మొదట గర్వంగానే ఉంది. సంత వచ్చింది. జనం పత్తికొండ టమాటా మార్కెట్లో మాదిరి కిక్కిరిసి ఉన్నారు, వాన కురుస్తోంది. బొమ్మ ఎక్కడా తడబడలేదు. దూరంగా ఉన్నవాళ్లకు కూడా నీడలున్నాయి. మేము తీసేసిన నీడలవి. సునీత తలెత్తి నావైపు చూసింది.

అప్పుడే తెర ఆగిపోయింది. మధ్యలో ఇంగ్లిషులో చిన్న సందేశం లేచింది. సర్వర్‌తో కనెక్షన్ తెగిపోయింది, మళ్లీ ప్రయత్నిస్తున్నాం అని.

సొంతంగా నడిచే ఆటకు సర్వర్ ఎందుకు? హాల్లో ఉన్న విలేఖరులకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒకరెవరో ఈల వేశారు. సునీత ఆ పెట్టె పట్టుకుని వేదిక మధ్యలో నిలబడిపోయింది. ఇమ్రాన్ వేదిక పక్కనున్న పెళ్లికూతురి గదిలోకి పరుగెత్తి, తిరిగొచ్చి నా చెవిలో, "మేడమ్, అంతా గడ్‌బడ్. లోపల పెద్ద పీసీ పెట్టినారు. ఆట దాంట్లో నడుస్తాంది. ఈ పెట్టెలోకి వైఫైలో బొమ్మ పంపిస్తాండారు," అన్నాడు. హాల్లో అన్ని ఫోన్ల రద్దీకి ఆ వైఫై చచ్చిపోయింది.

మేము ఆఫీసులో ఆటను పరీక్షించుకునే పెట్టె ఒకటి నా సంచిలో ఉంది. దాన్ని తీసుకుని వేదిక ఎక్కాను. అసలైనది ఇదిగో, ఇప్పుడే చూపిస్తాను అనబోయాను. డైరెక్టర్ మైకును చేత్తో మూసి, "కూర్చోండి మేడమ్. ఇప్పుడు అది చూపిస్తే ముందు చూపిందేమిటని అడుగుతారు," అన్నారు. ఆయన గొంతులో సిగ్గు లేదు, చిరాకుంది. కరెంటు తీయించి, సాంకేతిక లోపమని ప్రకటించి, అందర్నీ భోజనాలకు పంపించారు.

బయట మెట్ల మీద సునీత నన్ను పట్టుకుంది. "చేతిలో సల్లగా ఉండాది మేడమ్. మన ఆట సంతకాడికి వచ్చేసరికి పెట్టె కాలిపోతాది కదా. సల్లగా ఉండేసరికే నాకు అనుమానం వచ్చినాది. అంతమంది ముందర ఏం సేయాల్నో తెలీలేదు."

మోసగాళ్లు మోసం చేస్తే నాకు ఇంత కోపం రాదు. వాళ్ల దగ్గర చూపడానికి ఏమీ లేదు గనుక చేస్తారు. ఇక్కడ ఉంది. మా పిల్లలు చెమటోడ్చి సాధించింది మెమరీ కార్డులో ఉండగా, దాని మీద దొంగ బొమ్మ కప్పి, ఆ దొంగ బొమ్మను పట్టుకుని నిలబడే పని దాన్ని సాధించిన పిల్లకే ఇచ్చారు.

మర్నాడు కంపెనీ ప్రకటన వచ్చింది. ఆదోని శాఖలోని ఒక జూనియర్ ఇంజనీర్ పై అధికారులకు చెప్పకుండా చేసిన పొరపాటట. పేరు వేయలేదు. వేయాల్సిన పనేముంది? ఆమె ముఖం అప్పటికే వేల ఫోన్లలో తిరుగుతోంది. ఆ వారమే ఆమెను తీసేశారు. ఆ కాగితం మీద విభాగాధిపతిగా నా సంతకం కావాలన్నారు. పెట్టనన్నాను. నా సంతకం లేకుండానే తీసేశారు. డ్రైవర్ నిర్వాహకులు కూడా ఆ వీడియో చూశారు. సునీత పంపిన సవరణను నమ్మవచ్చో లేదో తేలేదాకా పక్కన పెడుతున్నామని రాశారు.

ఆ ఆదివారం యేసోబు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఊర్లో సెప్పుకుంటాండారు మేడమ్, నా బిడ్డ దొంగాట సూపించినాదని. యాడికి పోయినా అదే మాట. సర్చిలో కూడా అడిగినారు. అది తిండి తినడంల్యా. మీరు దాని పైన ఆఫీసరు గదా. నిజం సెప్పండి, సేసినాదా?"

"చేయలేదప్పా," అన్నాను. "చేసినవాళ్లు వేరే."

"అట్లయితే ఆ మాట నాకు సెబితే ఏం లాభం? ఊరికి సెప్పండి."

ఆయన నా మీద అరవలేదు. అరిచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆ ఆటను విలేఖరులకు చూపే అధికారం విదేశీ సంస్థతో ఉన్న ఒప్పందం ప్రకారం పోర్టింగ్ విభాగాధిపతిది. డైరెక్టర్‌కు మెయిల్ పెట్టాను. అనుమతి కోరలేదు, చూపించబోతున్నానని తెలియజేశాను. వెంటనే ఫోన్ చేశారు. ఇంకో నెలలో జనం మర్చిపోతారని, నా పింఛను లెక్కలు నేను చూసుకోవడం మంచిదని అన్నారు. సునీత మర్చిపోతుందా అని అడిగాను. "ఆ అమ్మాయికి ఇంకో ఉద్యోగం దొరుకుతుందిలెండి," అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పై అధికారి మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం అదే మొదలు.

వేదిక మీద తెర ఆగిపోయిన వీడియో మొదట పెట్టిన బెంగళూరు విలేఖరిని పిలిచాను. నమ్మకం లేకుండానే వచ్చాడు. ఎక్కడ చూపిస్తారని అడిగితే సునీత ఇంట్లో అన్నాను. నిండు మధ్యాహ్నం, రేకుల ఇల్లు, ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందని పల్లె. అతను మా పెట్టెను తనే స్క్రూడ్రైవర్‌తో విప్పి, వైఫై ముక్కను ఊడదీసి జేబులో వేసుకుని, మళ్లీ బిగించాడు. కెమెరా పెట్టి ఆడటం మొదలుపెట్టాడు. సునీత గోడకు ఆనుకుని నిలబడింది. గుమ్మంలో యేసోబు, ఆయన వెనక ఇరుగుపొరుగు.

వీధులు బాగానే నడిచాయి. సంత వచ్చింది. ఎండకు ముందే వేడెక్కిన చిప్ కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంది. బొమ్మ మా ఆఫీసులో ఎప్పుడూ పడనంతగా తడబడింది.

"తడబడుతోంది," అన్నాడు విలేఖరి, కళ్లు తెర మీద నుంచి తీయకుండా.

యేసోబుకు కోపం వచ్చింది. "తడబడితే ఏమన్నా తప్పా సారూ? ఈ ఎండకు మనుషులే తడబడతాండారు!"

"తప్పు కాదు పెద్దాయనా. నాకు కావలసింది అదే," అన్నాడు అతను. అరచేతులు మార్చుకుంటూ, "అబ్బ, కాలుతోంది," అని పెట్టెను కాసేపు చాప మీద పెట్టాడు. యేసోబు వంగి దాని మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత పక్కింటాయన చెయ్యి లాగి దాని మీద పెట్టించాడు. సునీత ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ వీడియో మొత్తం, ఎక్కడా కోయకుండా, అతను బయట పెట్టాడు. తన మొదటి వీడియో కింద కూడా సంగతి రాశాడు. డ్రైవర్ నిర్వాహకులు సునీత సవరణను మళ్లీ పరీక్షించి, సరైనదేనని ఆమె పేరుతో చేర్చుకున్నారు. యేసోబు ఊళ్లో ఎవరికి ఏం చెప్పాడో నాకు తెలియదు. చర్చిలో మాత్రం ఆ వీడియో వేయించాడని విన్నాను.

కంపెనీ తన ప్రకటనను చడీచప్పుడు లేకుండా తీసేసింది. క్షమాపణ చెప్పలేదు. క్రమశిక్షణ ఉల్లంఘన కింద నన్ను సస్పెండ్ చేశారు. నేను విచారణ దాకా ఆగకుండా గడువుకు ముందే విరమణ తీసుకున్నాను. సునీతను వెనక్కి రమ్మన్నారు, ఆమె వెళ్లలేదు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక గది తీసుకుని, ఇంకో ఆటపెట్టెల సంస్థకు డ్రైవర్లు రాస్తోంది. ఆట మరుసటి ఏడాది ఆ పెట్టె మీద విడుదలైంది. చివర వచ్చే పేర్ల వరసలో శ్రీకర్ గారి పేరు మొదట ఉంది. సునీత పేరు లేదు, ఇమ్రాన్ పేరు లేదు. నేను కంపెనీకి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాల్సిన కారణమూ కనిపించడం లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు సలహా అడిగితే ఒకటే చెబుతాను. మీ పనిని ఎవరైనా నలుగురికీ చూపిస్తామంటే, వేదిక ఎక్కే ముందు వైఫై ముక్క మీ చేత్తో మీరే ఊడదీయండి. అప్పుడు వద్దని అడ్డుపడేవాడు ఎవరైనా సరే, వాడు చూపించబోయేది మీ పని కాదు.