మందే అనుకున్నాం

మా బావ సెలూన్‌లో కుర్చీలు రెండే. ఒకటి గిరాకీకి, రెండోది కబుర్లకి. కత్తికన్నా నాలుకే పదునని వీధంతా ఆడిపోసుకునేది, అయినా గడ్డానికి ఆయన దగ్గరికే వచ్చేది. గొంతు మీద కత్తి ఆడుతుంటే గురకపెట్టి నిద్రపోయినవాళ్లని నేనే చూశాను. ఆ చేతి మీద అంత నమ్మకం.

ఆయన కుడికంటి లోపలి తెర మీద పొర పెరిగి, తిన్నని గీత వంకరగా కనబడసాగింది. ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పి డాక్టరమ్మ అంది: "కంటి లోపలుండే జిగురు మాకు కనబడటానికి తెల్లటి స్టెరాయిడ్ మందు వాడాం. కాస్త మిగిలింది. కొన్నాళ్లు తెల్లగా తేలుతుంది, కంగారుపడకండి. చూపు తగ్గినా, నొప్పొచ్చినా మాత్రం వెంటనే వచ్చేయండి."

మా అక్క మొదటి సగమే పట్టుకుంది. ఎవరైనా అంతే, ధైర్యం చెప్పిన మాటే చెవిలో నిలుస్తుంది.

రోజూ పొద్దున్నే బావని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కంట్లోకి తొంగిచూసేది. ఒకరోజు తెలుపు ఎక్కువైంది.

"ఇవాళ మరీ మబ్బుగా ఉందే," అన్నాడు బావ.

"మందు కదులుతోందిలెండి. నొప్పుందా?"

"అబ్బే, లేదు."

"మరింకేం!"

మర్నాటికి ఆ కంటికి కిటికీ ఎటుందో కూడా తెలియలేదు. అప్పుడు పరిగెత్తాం.

అది మందు కాదు, చీము. ఆపరేషన్ చేసిన కంట్లో బాక్టీరియా చేరింది. నొప్పి పుట్టకుండా స్టెరాయిడే అణిచిపెట్టింది. మళ్లీ కోసి కడిగారు, కంట్లోకే యాంటీబయాటిక్ సూదులు పొడిచారు. కన్ను మిగిలింది, చూపు పోయింది. ఎవర్ని తిట్టాలో తెలియక నేను ఆసుపత్రి గోడని తిట్టాను.

సెలూన్ మళ్లీ తెరిచిన రోజు బావ నన్నే పిలిచాడు. "రారా బామ్మర్దీ, తెగినా ఇంటి నెత్తురేగా!"

నురగ రాశాడు. కత్తి నా చెంపకి ఇవతలే గాలిలో గీసింది. మళ్లీ అంతే. ఒంటికంటికి దూరం అందడం లేదు. నా చెంప ఎక్కడుందో వేలితో తడిమి చూశాడు. కత్తి మడిచి పక్కన పెట్టేశాడు.

గుమ్మంలో నిలబడ్డ అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "మబ్బుగా ఉందని మీరు చెప్పారు. నేనే వినలేదు."

"నువ్వు రెండు కళ్లతో చూశావు, నేను ఒంటికంటితో చూశాను. ఇద్దరికీ కనబడలేదు. నువ్వొక్కదానివే ఏడుస్తావేమే?" అని నవ్వబోయి, తనే భోరుమన్నాడు.

మొహం మీద నురగ ఆరిపోతున్నా, నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.