ఒంటికాలి కొంగకు సమాధానం

నన్ను నేనే నలుగురి ముందూ చెడామడా తిట్టుకుని, ఆ తిట్లకు జవాబు దొరక్క ఓడిపోయి ఇంటికొచ్చాను. జరిగింది హనుమాన్ జంక్షన్‌లో, మొన్నామధ్య ఒక ఆదివారం, పట్టపగలు. పైగా ఓడిపోయినందుకు ఇప్పుడు మహా సంతోషంగా ఉన్నాను. అదెలా కుదిరిందంటారా? టీ తెచ్చుకుని కూర్చోండి, చెబుతాను.

ఈ బ్లాగు చదివే మీకందరికీ నేను 'ఒంటికాలి కొంగ'గానే తెలుసు. అసలైతే నేను కొల్లేటి పక్కన ఒక పల్లెటూరి హైస్కూల్లో సోషల్ చెప్పే పంతుల్ని. ఆదివారం ఆదివారం బస్సెక్కి జంక్షన్‌కొచ్చి, ఖాదర్ గారి నెట్ సెంటర్లో మూల సిస్టం ముందు కూర్చుని, ప్రపంచాన్ని కాస్త సరిచేసి, సాయంత్రం బస్సుకి ఇంటికెళ్లిపోతుంటాను. సెల్‌ఫోన్లొచ్చాక జనం 'ఎక్కడున్నావ్' అనడమే గానీ 'ఎలా ఉన్నావ్' అనడం మానేశారని ఒక పోస్టు రాశాను. విజయవాడలో ఏసీ షాపులొచ్చి మన ఆడవాళ్ల బేరమాడే విద్యను మింగేస్తున్నాయని ఇంకోటి. ఎలక్షన్ల ముందు రంగు టీవీలిస్తామనేవాళ్లు, అవి చూడ్డానికి కరెంటు కూడా ఇస్తారా అని మరోటి. సీరియల్లో అత్తగార్లు నిద్రపోయేటప్పుడు కూడా పట్టుచీర ఎందుకు కడతారో చెప్పమని ఇంకోటి. అన్నిటికన్నా ఎక్కువ కామెంట్లు దానికే వచ్చాయి, అది వేరే సంగతి.

ఒంటికాలి కొంగ అని ఎందుకు పెట్టుకున్నానంటే, ఒక అభిప్రాయం మీద నిలబడ్డానంటే రెండో కాలు కింద పెట్టను. ఆ పట్టుదల చూసి నాకు నేనే ముచ్చట పడేవాణ్ణి.

ఇక అసలు కథ. మా బడికి ఒక కంప్యూటరొచ్చింది. వచ్చి ఏడాది దాటింది. మా హెడ్మాస్టరు కోటేశ్వరరావు గారు దాన్ని ఆఫీసు పక్క గదిలో పెట్టించి, వాళ్లింట్లోంచి తెచ్చిన పాత పట్టు కండువా కప్పి, మానిటర్ నుదుటిన కుంకుమ బొట్టు పెట్టి, తాళం వేశారు. ఆ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదు. దసరాకి ఆయుధ పూజ చేసి కొబ్బరికాయ కొట్టాం. అంతే. ఆన్ చేసినవాడు లేడు.

కానీ ఏడో తరగతిలో కంప్యూటర్ పాఠం ఉంది. చెప్పాలి కదా. బోర్డు మీద చాక్‌పీసుతో మానిటరు, కీబోర్డు, మౌస్ అన్నీ గీశాను. పిల్లల చేత బెంచీల మీద కీబోర్డు గీయించి, వేళ్లు పెట్టి టైపు చేయడం కూడా ప్రాక్టీసు చేయించాను. గదంతా టకటకలు. నాకు బాగానే అనిపించింది. అంతలో వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మాస్టారండీ, దీన్ని ఆన్ చేసేదెక్కడండీ?" అని అడిగింది.

క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం మండింది. ఆ మంట ఆదివారం దాకా ఆరకుండా కాపాడుకుని, ఖాదర్ గారి సెంటర్లో కూర్చుని ఒక్క బిగిన రాసి పడేశాను. పేరు 'పసుపు కుంకుమల కంప్యూటర్'. అందులో ఒక వాక్యం రాసినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను: "గుళ్లో దేవుడికైనా పొద్దున్నే తలుపు తీస్తారు, మా కంప్యూటర్‌కి ఆ భాగ్యం కూడా లేదు." టెక్నాలజీ అంటే భయపడే పెద్దమనుషుల్ని, భయానికి భక్తి ముసుగు వేసే అలవాటుని, అన్నీ కలిపి ఉతికి ఆరేశాను. ఊరి పేరు రాయలేదు, బడి పేరు రాయలేదు. అంతటితో జాగ్రత్త పడ్డాననుకున్నాను.

పేపర్లో జిల్లా ఎడిషన్‌వాళ్లు బ్లాగుల్లోంచి ఏదో ఒకటి ఏరి ఒక మూల వేస్తుంటారు. ఆ వారం ఏరింది కొంగని.

మా స్టాఫ్ రూములో పేపరు ముందు హెడ్మాస్టరు గారు చదువుతారు, తర్వాతే మిగతావాళ్లం. ఆ రోజు ఆయన ఆ మూల దగ్గర ఆగారు. మొత్తం చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదట్నుంచీ చదివారు. నేను మంచినీళ్లు తాగుతున్నవాణ్ణి గ్లాసు దించడం మర్చిపోయాను. ఆయన పేపరు మడిచి బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా, ఇది మన బడి గురించే అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మీకొక సంగతి చెప్పాలి. మా ఆవిడకి విజయవాడలో ఆపరేషనైనప్పుడు నేను ఆస్పత్రి వరండాలోనే కాపురం పెట్టాను. అన్నాళ్లూ నా క్లాసులన్నీ ఈ కోటేశ్వరరావు గారే చెప్పారు, తన లెక్కల క్లాసులతో పాటు. నేను తిరిగొచ్చాక దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. చరిత్ర ఎక్కడిదాకా అయిందో చూపించి, 'యుద్ధాలు మీకు వదిలేశాను, నాకు తారీఖులు గుర్తుండవు' అన్నారు. అలాంటి మనిషి మనసులో నాకున్న చోటు పోతే మళ్లీ ఎక్కడ సంపాదించుకోను? ఆ రోజు నా భయమంతా అదే.

సాయంత్రం నన్ను గదికి పిలిచారు.

"మన బళ్లో వాక్యం తిన్నగా రాసేది మీరే మాస్టారూ. ఈ కొంగ గారికి మీరు సమాధానం రాయాలి."

"ఎవరి తరఫున సార్?"

"నా తరఫున."

అప్పుడే చెప్పేయాల్సింది. చెబుదామనే నోరు తెరిచాను. తీరా బయటికొచ్చింది "అలాగే సార్".

రాయాలంటే ఆయన పక్షం ఏమిటో తెలియాలి కదా. అడిగాను. ఏడాదిగా అదే బళ్లో ఉంటూ నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారని అడిగాక గానీ తట్టలేదు.

ఆయన చెప్పింది ఇది. మా ఊరి చుట్టూ చేపల చెరువులు. చెరువులవాళ్లు మోటార్లన్నీ ఒక్కసారి వేశారంటే బడిలో బల్బు మిణుగురు పురుగైపోతుంది. ఒక్కసారి ఆపారంటే ఓల్టేజీ ఎగదన్నుతుంది. ఇంతకుముందు ఆయన పనిచేసిన ఊళ్లోనూ చెరువులే. అక్కడ బడికొక టీవీ వచ్చింది. పిల్లలు నేల మీద కూర్చుని ఒక పాఠం సగం చూశారో లేదో, వెనకనుంచి పొగ. మిగతా సగం పాఠం ఎప్పుడు సార్ అని వాళ్లు ఆ ఏడాదంతా అడిగారట. ఇంకో టీవీ రాలేదు. అందుకని ఇక్కడ స్టెబిలైజరు కోసం పైవాళ్లని అడుగుతూనే ఉన్నారు, అది వచ్చేదాకా ఆన్ చేయనని మొండికేశారు.

"మరి కుంకుమ ఎందుకు సార్?" అన్నాను.

"తాళాన్ని మన పిల్లలు జడపిన్నుతో తీస్తారు. బొట్టున్నదాన్ని ముట్టుకోరు" అన్నారాయన.

నేను ఆరో తరగతికి ఏటా ఒక కథ చెబుతాను. కృష్ణ ఒడ్డున పడవవాడు పడవ కట్టేసి కూర్చున్నాడు. ఒడ్డున ఒక పెద్దమనిషి, వీడంత సోమరి ఈ లంకల్లో లేడని రేవుకొచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇస్తున్నాడు. ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి, ఎందుకు కట్టేశావు నాయనా అని అడిగింది. అడుగు చెక్క ఊడిందమ్మా, మేకుల్లేవు అన్నాడు. ముసలమ్మ ఇంటికెళ్లి మేకులు తెచ్చింది. పడవ కదిలింది. ఉపన్యాసం ఇచ్చినాయన కూడా అందులోనే దాటాడు. ఈ ముగ్గురిలో తెలివైనవాళ్లెవరర్రా అంటే క్లాసంతా ముసలమ్మ అని అరుస్తుంది. ఇన్నేళ్లుగా ఆ జవాబుకి మార్కులేస్తున్నది నేనే. ఉపన్యాసం ఇచ్చినదీ నేనే.

ఆ సిగ్గుతో రాశాను సమాధానం. ఏం రాశానండీ! కొంగ గారి ఈకలు ఒక్కటి మిగల్చలేదు. "తలుపు మూసి ఉందని రాశారు, ఎందుకు మూశారని తట్టి చూశారా?" అని అడిగి, చెరువులు, మోటార్లు, కాలిపోయిన టీవీ అన్నీ చెప్పి, "ఒడ్డున నిలబడినవాడికి నీళ్ల లోతు తెలియదు" అని ముగించాను. కింద హెడ్మాస్టరు గారి పేరు. పోస్టు కన్నా ఇదే బాగుంది. రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.

అది నేనొక్కణ్ణే వెళ్లి పెట్టేద్దామనుకున్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాపులో నాకన్నా ముందు నిలబడి ఉన్నారు. ఇంటర్నెట్ అనేదాన్ని ఎన్నడూ చూడలేదట, తన సమాధానం ఎలా వెళ్తుందో చూస్తానన్నారు.

ఖాదర్ గారు ఇంకో కుర్చీ వేశారు. నేను టైపు చేస్తున్నాను, ఆయన పక్కనుంచి ఒక్కో మాటా సరిచూస్తున్నారు. అంతా అయింది. కామెంటు పెట్టే బటన్ నొక్కాను.

పొరపాటల్లా ఇక్కడే జరిగింది. నొక్కే ముందు పేరు మార్చాలి. అయితే నేను ఆ కుర్చీలో కూర్చోగానే నా చేతులు వాటంతటవే కొంగ పాస్‌వర్డు కొట్టేసి లోపలికెళ్లిపోతాయి, పెళ్లికెళ్లిన కండక్టరు భోజనాల బంతి దగ్గర కూడా 'ముందుకు జరగండి' అన్నట్టు. ఆ రోజూ అలాగే వెళ్లిపోయాయి. స్క్రీను మీద వచ్చిందేమిటంటే, ముందు ఒంటికాలి మీద నిలబడ్డ నా కొంగ బొమ్మ, దాని పక్కన 'ఒంటికాలి కొంగ చెబుతున్నారు' అని, దాని కింద "అయ్యా ఒంటికాలి కొంగ గారూ, మీరు రాసింది శుద్ధ అన్యాయం".

హెడ్మాస్టరు గారు ముందుకు వంగి చూశారు. మన ఉత్తరం మీద ఈ పక్షి ఎందుకొచ్చిందని అడిగారు. ఇల్లు ఎవరిదైతే వాళ్ల బొమ్మ పడుతుంది సార్, ఇది కొంగ గారి ఇల్లు కదా, అన్నాను. అబద్ధమే, అయినా గోడకట్టినట్టే ఉందనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఖాదర్ గారు టీలు తెచ్చి, మా ఇద్దరి మధ్యనుంచి తల పెట్టి చదివి, "అదేంటి మాస్టారండీ, ఇవాళ మిమ్మల్ని మీరే వాయించుకుంటున్నారు?" అన్నారు.



హెడ్మాస్టరు గారు టీ అందుకుని, ఊదుకుని, ఒక గుక్క తాగారు.

"కొంగ ఒంటికాలి మీద నిలబడేది చేప కోసం మాస్టారూ. మీరు దేనికోసం నిలబడ్డారు?"

మీకెప్పుడు తెలిసింది సార్ అని అడిగాను. పేపర్లో చదివిన రోజేనట. ఆన్ చేసేదెక్కడ అని ఆ పిల్ల అడిగింది నా క్లాసులో, ఆ గదిలో అప్పుడు పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పిల్ల ప్రశ్నని పోస్టులో పొల్లుపోకుండా రాసుకున్న మహానుభావుణ్ణీ నేనే.

"మరి నా చేతే ఎందుకు రాయించారు సార్?"

"నిలదీస్తే క్షమించమనేవారు. క్షమాపణతో నేనేం చేసుకోనండీ? నాకు కావాల్సింది సమాధానం. అది మీకన్నా బాగా ఎవరు రాస్తారు?"

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చారు. ఆ సీటులో కూర్చోవడానికి నాకెంత బరువైందో చెప్పలేను, ఎంత తేలికైందో కూడా చెప్పలేను.

ఆ కామెంటు తీసేయొద్దన్నారాయన. ఉంచాను. మీరంతా చేసిన అల్లరి నాకు గుర్తుంది. కొంగ గారికి రెండో కాలు కూడా ఉందన్నమాట అని ఒకరు. రచ్చబండ మీద ఒక్కరే కూర్చుని పేకాడుతున్నారని ఇంకొకరు. ముందు రాసిన కొంగ వెళ్లి, తర్వాత రాసిన కొంగ దగ్గర పాఠాలు నేర్చుకోవాలని మరొకరు. వీటి మధ్యలో ఆటోనగర్‌లో మోటార్ల వైండింగ్ షాపున్న మస్తాన్ గారు మాత్రం ఒకే ఒక్క ముక్క రాశారు: మీ గదిలో ప్లగ్గు ఎంత ఆంపియర్లది?

జవాబుతో పాటు మా ఊరి పేరూ ఆయనకి రాశాను. తర్వాతి వారం ఆయనే బస్సులో ఒళ్లో పెట్టుకుని స్టెబిలైజరు తెచ్చారు. పాతదే, తనే చుట్టి బాగుచేశారట. డబ్బు సంగతి ఎత్తబోతే, మా పిల్లలూ చదువుకుంటున్నారండీ అని చెయ్యి అడ్డం పెట్టారు. కథలో ముసలమ్మకి మీసాలుంటాయని నాకప్పుడే తెలిసింది. మస్తాన్ గారూ, ఇది చదువుతుంటే మరోసారి నమస్కారం.

మొన్న సోమవారం హెడ్మాస్టరు గారు కండువా తీశారు. ఏడో తరగతంతా చెప్పులు బయట విడిచి గదినిండా నిలబడింది. ఆన్ ఎక్కడని అడిగిన పిల్లని ముందుకు పిలిచి, ఇదిగోనమ్మా, ఇక్కడ అన్నారు. ఆ పిల్ల లంగాకి వేలు తుడుచుకుని నొక్కింది. స్క్రీను నీలంగా వెలిగింది. పిల్లలందరి మొహాలూ నీలం. నా కళ్లు కూడా కొంచెం చెమ్మగిల్లాయి.

కరెంటు పోయింది.

నా లోపల కొంగ తక్షణం నిద్రలేచింది. కరెంటువాళ్ల నిర్లక్ష్యం, పల్లెటూరి పిల్లల భవిష్యత్తు, పోస్టుకి పేరు, మొదటి వాక్యం, అన్నీ ఒక్క క్షణంలో సిద్ధమైపోయాయి. హెడ్మాస్టరు గారు నా మొహం వంక చూశారు.

"మాస్టారూ, కాలు దించండి. ముందు వెళ్లి అడిగి రండి."

కాలు దించి, సైకిలెక్కి చెరువుల గట్టు మీదికి వెళ్లాను. లైన్‌మన్ స్తంభం కింద నిలబడి ఫ్యూజు వైరు చుడుతున్నాడు. ఎవరి తప్పయ్యా ఇది అని అడిగాను.

"ఎవరిదీ కాదండీ. చేపల కోసం వచ్చి తీగల మీద వాలింది, అంతే, ఠప్పుమంది. ఈక కాలింది గానీ ఎగిరిపోయిందండీ."

"ఏది?"

"కొంగండీ."